గొంతు నొప్పి వచ్చిన పంతొమ్మిదో రోజున: గట్టేట్ సోరియాసిస్‌తో నా అనుభవం

మాది కోనసీమలో తాటిపాక దగ్గర ఊరు. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. మా ఆయన అంబాజీపేటలో కొబ్బరి కొట్టులో లెక్కలు రాస్తారు. 2025 జనవరిలో నా ఒంటి మీద లేచిన మచ్చలు ఏమిటో తెలియడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులు నేను పడ్డ టెన్షన్ ఇంకొకరు పడకూడదని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అసలు కథ మచ్చలతో మొదలవలేదు, గొంతుతో మొదలైంది. అది నాకు ఆ తర్వాత ఎప్పటికో గానీ తెలియలేదు.

2024 డిసెంబరు 17, మంగళవారం. ముందు మా బాబుకి గొంతు నొప్పి వచ్చింది, వాడు రెండో తరగతి. రెండు రోజులు తిరక్కుండా, ఆ మంగళవారం నాకూ వచ్చింది. ఉమ్మి మింగితే గాజు పెంకు గుచ్చుకున్నట్టు ఉండేది. జలుబు లేదు, దగ్గు లేదు. జ్వరం మాత్రం నూట రెండు. దవడ కింద రెండు పక్కలా బిళ్ళలు కట్టాయి. అత్తయ్య మిరియాల కషాయం కాచి ఇచ్చారు. ఉప్పునీళ్ళు పుక్కిలించాను. మెడికల్ షాపులో అడిగితే మూడు రోజులకి మాత్రలు కట్టిచ్చాడు. రెండో రోజుకి జ్వరం తగ్గింది, మిగిలిన మాత్రలు అలమరలో పడేశాను. సంక్రాంతికి నలభై మూడు జాకెట్లు ఒప్పుకుని ఉన్నాను. గొంతు గురించి మళ్ళీ ఆలోచించే తీరిక ఎక్కడిది?

జనవరి 5, ఆదివారం. తలంటు పోసుకుంటుంటే పొట్ట మీద చేతికి గరుగ్గా తగిలింది. చూస్తే అయిదారు చుక్కలు. టిచ్ బటన్లు తెలుసు కదా, జాకెట్టుకి వేసే చిన్నవి, ఆ సైజు. దోమలు కుట్టాయనుకున్నాను. మూడు రోజులు తిరిగేసరికి నడుం, వీపు, జబ్బలు, తొడలు, అంతటా లేచాయి. ఒకటొకటిగా రాలేదు. వాన మొదలైనప్పుడు వాకిట్లో చినుకులు పడ్డట్టు అన్నీ ఒక్కసారే వచ్చాయి. కొన్ని ఆవగింజంత, కొన్ని బటన్ అంత. రూపాయి బిళ్ళంత పెద్దది ఒక్కటీ లేదు.

రంగు గురించి ఇక్కడ చెప్పాలి. ఫోన్‌లో ఇలాంటి జబ్బుల ఫోటోలు వెతికితే అన్నీ తెల్లతోలు మీద ఎర్రటి మచ్చలు. నాది చామనఛాయ. నా మచ్చలు ఎర్రగా లేవు. ఎండలో చూస్తే వక్కపొడి రంగు, లైటు కింద చూస్తే నేరేడు రంగు కలిసిన గోధుమ. అందుకే ఫోటోలు చూసి "నాది ఇది కాదులే" అని రెండుసార్లు దాటేశాను. మనలాంటి రంగు ఉన్నవాళ్ళు ఎరుపు కోసం చూడకండి. నన్నడిగితే రంగు కన్నా చెయ్యే బాగా చెబుతుంది. కళ్ళు మూసుకుని తడిమినా ఒక్కో మచ్చ చుట్టుపక్కల తోలు కన్నా కాస్త ఎత్తుగా, గరుగ్గా తెలుస్తుంది.

ఇంకో సంగతి నాకు మిషను దగ్గర తెలిసింది. నల్ల లైనింగు గుడ్డ ఒళ్ళో పెట్టుకుని కుడుతున్నాను. ముంజేతి మీద దురదగా ఉంటే గోరుతో గీరాను. గుడ్డ మీద తెల్లగా పొడి రాలింది. మేం కొలతలు గీసే సుద్దని బ్లేడుతో చెక్కితే రాలుతుందే, అచ్చం అలాంటి పొడి. గీరిన చోట మచ్చ ఇంకా తెల్లగా, వెండి పూసినట్టు మెరిసింది. దురద మరీ ఎక్కువేం కాదు. నిద్ర చెడగొట్టేంత లేదు. చెమట పడితే చురుక్కుమనేది, అంతే.

జనవరి 9న అత్తయ్య చూసేశారు. "అమ్మవారు పోసినట్టుందే అమ్మాయ్" అని గుమ్మానికి వేపమండలు కట్టారు. నాకు చిన్నప్పుడే అమ్మవారు పోసింది. అప్పుడు నీటిబుగ్గలు లేచి, పగిలి, చెక్కులు కట్టడం నాకు గుర్తుంది. వీటిల్లో నీళ్ళు లేవు, జ్వరమూ లేదు. ఆ మాట అన్నా అత్తయ్య మనసు ఒప్పుకోలేదు. మూడు రోజులు వేపాకు నీళ్ళే పోసుకున్నాను. పాపం ఆవిడది భయమే తప్ప ఇంకోటి కాదు.

మర్నాడు ముక్కోటి ఏకాదశి. గుడి నుంచి వస్తూ మా ఆయన మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. తామర అయ్యుంటుందన్నాడట షాపతను. నూట పది రూపాయలు. నాలుగు రోజులు రాశాను. పొట్టు పోయింది, మచ్చ పల్చబడింది. తగ్గిపోయిందని సంబరపడ్డాను. కానీ రాసిన చోట పల్చబడుతుంటే రాయని చోట కొత్తవి లేస్తున్నాయి. తామర అయితే అంచు ఎత్తుగా, మధ్యలో తేటగా, వలయంలా పెరుగుతూ పోతుంది. మా ఇంటి ఎదురు ఆవిడకి చూశాను. నావి అలా పెరగలేదు. వచ్చిన సైజులోనే ఆగిపోయి, లెక్క మాత్రం పెరిగింది.

ఒక రోజు చీర మార్చుకుంటుంటే లంగా బొందు బిగిసే చోట, నడుం చుట్టూ, మచ్చలు దారం గుచ్చినట్టు వరసగా కనపడ్డాయి. అంతకు ముందు వారం మిషను రేకు గీరుకున్న చోట కూడా గీత పొడుగునా నాలుగు మచ్చలు. అది చూసి చాలా భయపడ్డాను. ఒళ్ళు ఎక్కడ ఒరుసుకుంటే అక్కడ వస్తోందంటే ఇదేం రోగం అని ఆ రాత్రి నిద్రపోలేదు.

పండగ మూడు రోజులూ మోచేతులు దాటిన జాకెట్లే వేసుకున్నాను. కనుమ నాడు గారెలు వండాను గానీ కోడికూర నోట పెట్టలేదు, వేడి చేస్తుందని అందరూ అంటే. పండగ ముందు రోజుల్లో ఒక పిన్నిగారికి కొలత తీస్తుంటే నా చెయ్యి చూశారు. అప్పుడు ఏమీ అనలేదు. సాయంత్రం వాళ్ళబ్బాయి వచ్చి, "అక్కా, గుడ్డ ఇచ్చేయమందండి అమ్మ, కుట్టకపోయినా పర్లేదంట" అన్నాడు. మడత పెట్టి ఇచ్చేశాను. ఇంకో ఇద్దరు కూడా అలాగే తీసుకెళ్ళారు. పదేళ్ళుగా ఆ పిన్నిగారి కొలతలు టేపు పెట్టకుండానే చెప్పగలను నేను. ఆ రాత్రి మా ఆయన దగ్గర ఏడ్చాను.

జనవరి 18న ఊళ్ళో ప్రాక్టీసు చేసే ఆయన దగ్గర ఎలర్జీ ఇంజెక్షన్ చేయించుకున్నాను, రెండొందలు. మూడు రోజులు అన్నీ అణిగినట్టు అణిగి, నాలుగో రోజు నుంచి ముందుకన్నా ఎక్కువగా లేచాయి. ఈసారి తలలోనూ, చెవుల వెనకా. ఇంక ఆగకూడదనుకున్నాం.

జనవరి 27, సోమవారం. అమలాపురంలో స్కిన్ డాక్టరు. తొమ్మిదిన్నరకి చీటీ రాయించుకుంటే పన్నెండున్నరకి పిలిచారు. ఫీజు అయిదొందలు. పదిహేను రోజుల్లోపు మళ్ళీ వస్తే ఫీజు ఉండదు, ఆ చీటీ దాచుకోండి.

డాక్టరమ్మ ముందు మచ్చలు చూడలేదు. అరచేతులు, అరికాళ్ళు చూశారు. నోరు తెరవమన్నారు. గోళ్ళు చూశారు. వాటిల్లో ఏమీ లేదు. తర్వాత చేతి మీద, పొట్ట మీద చూసి, "ఏం రాశావమ్మా వీటికి?" అన్నారు. ట్యూబు తీసి చూపించాను.

"ఇందులో మూడు మందులు కలిసున్నాయి. ఒకటి గట్టి స్టెరాయిడ్. దీంతో పొట్టు పోతుంది, గుర్తు చెరిగిపోతుంది. నిజంగా తామరే అయ్యుంటే ఇంకా మొండిదయ్యేది. రాయకుండా వచ్చుంటే చూడగానే చెప్పేదాన్ని" అన్నారు.

తర్వాత వెనక్కి తిరగమన్నారు. వీపు మీద, రెండు రెక్కల ఎముకల మధ్య, నా చెయ్యి అందని చోట ఏడెనిమిది మచ్చలు ఉన్నాయట. ట్యూబు అక్కడికి చేరలేదు. మా ఆయన్ని దగ్గరికి పిలిచి చూపిస్తూ గాజు పలకతో ఒకదాన్ని మెల్లగా గీరారు. ముందు తెల్ల పొడి రాలిందట. ఇంకా గీరితే పల్చటి పొర లేచి, దాని కింద సూదిమొనంత రక్తపు చుక్కలు కనపడ్డాయట. నాకు చురుక్కుమంది. డాక్టరమ్మ గీరడం ఆపి అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"నెల రోజుల్లో గొంతు నొప్పి గానీ వచ్చిందా?"

నేనూ మా ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరికీ చెప్పలేదు మేం ఆ సంగతి. ఎవరూ అడగలేదు కూడా. వేళ్ళ మీద లెక్కపెడితే గొంతు నొప్పి వచ్చిన రోజు నుంచి మచ్చలు కనపడ్డ రోజుకి పంతొమ్మిది రోజులు.

"గట్టేట్ సోరియాసిస్. గట్టా అంటే లాటిన్‌లో చుక్క" అన్నారు. గొంతులో స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా చేరినప్పుడు ఒంట్లో రక్షణ వ్యవస్థ దాని మీద యుద్ధానికి లేస్తుంది. కొందరిలో అది అదుపు తప్పి సొంత చర్మం మీద పడుతుంది, తోలు కణాలు త్వరత్వరగా పెరిగి పొట్టుగా రాలతాయి. గొంతు తగ్గిన రెండు మూడు వారాలకి మచ్చలు బయటపడతాయి కాబట్టి ఎవరికీ ఆ రెండిటికీ లంకె తట్టదు. పిల్లల్లో, ముప్పై ఏళ్ళలోపు వాళ్ళలో ఎక్కువట. ఒరుసుకున్న చోట వరసగా రావడం కూడా సోరియాసిస్ గుణమే అన్నారు. ముందు ఒక పెద్ద మచ్చ వచ్చి, వారం పది రోజులకి చిన్నవి వచ్చాయా అని రెండుసార్లు గుచ్చి అడిగారు. అలా వస్తే వేరే జబ్బట. నాకు అలా రాలేదు.

"అంటుకుంటుందా మేడం, మా బాబు నా పక్కనే పడుకుంటాడండి" అన్నాను.

"గొంతు జబ్బు అంటుకుంటుంది. మచ్చలు అంటుకోవు. పక్కన పడుకోబెట్టుకో, జాకెట్లు కుట్టుకో" అన్నారు. అక్కడే కళ్ళనీళ్ళు వచ్చేశాయి నాకు.

ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడిగితే లేదన్నాను. బస్సులో వస్తుంటే గుర్తొచ్చారు నర్సాపురంలో మా చిన్న మావయ్య. మండు వేసవిలో కూడా పొడుగు చేతుల చొక్కానే. చిన్నప్పుడు ఆయన మోచేతులు గజ్జి అని మమ్మల్ని ఆయన తువ్వాలు ముట్టుకోనిచ్చేవారు కాదు. ఆ రాత్రి ఫోన్ చేశాను. చాలాసేపు మాట్లాడలేదు ఆయన. "పాతికేళ్ళ నుంచి ఇదే అమ్మడూ నాది కూడా. హైదరాబాద్‌లో చూపించుకున్నాను, పేరు తెలుసు. ఎవరు అడిగారని చెప్పను?" అన్నారు.

టెస్టుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏఎస్ఓ అనే రక్త పరీక్ష (ఈమధ్య స్ట్రెప్టోకాకస్ సోకిందేమో చెప్పేది), గొంతులో దూది పుల్లతో తీసి బాక్టీరియా పెరుగుతుందేమో చూసే కల్చర్, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ అనే సుఖవ్యాధికి చేసేది), హెచ్ఐవీ, ఇంకా మామూలు రక్త పరీక్షలు, అన్నీ కలిపి పద్దెనిమిది వందల యాభై. ల్యాబులో అబ్బాయి ఆ పేర్లన్నీ అందరి ముందూ గట్టిగా చదివాడు. కూర్చున్న వాళ్ళందరూ నా వైపు చూశారు. మా ఆయన మొహం మాడిపోయింది. వెనక్కి వెళ్ళి డాక్టరమ్మనే అడిగాం. సిఫిలిస్‌లో కూడా ఇలాంటి మచ్చలే వస్తాయి, అరచేతుల్లో అరికాళ్ళలో కూడా వస్తాయి, అందుకే ఇలా ఒళ్ళంతా మచ్చలతో వచ్చిన పెద్దవాళ్ళందరికీ రాస్తాను, అనుమానంతో కాదు అని విడమరిచి చెప్పారు. ఈ ముక్క ముందే తెలిసుంటే మేమిద్దరం ఆ అరగంట అలా నలిగిపోయేవాళ్ళం కాదు. మీకూ రాస్తే కంగారు పడకండి.

ఏఎస్ఓ సాయంత్రానికే వచ్చింది. రెండొందల లోపు ఉండాల్సింది నాకు నాలుగొందల అరవై. మిగతావన్నీ బాగున్నాయి. గొంతు కల్చర్ మూడు రోజులకి వచ్చింది, అందులో ఏమీ పెరగలేదు. అప్పటికి నలభై రోజులు దాటింది కదా, ఉండకపోవచ్చు అన్నారు. గొంతులో ఏమీ లేనప్పుడు యాంటీబయోటిక్ ఇచ్చినా మచ్చలు పోవు అని అది రాయలేదు. చర్మం ముక్క తీసి పరీక్ష చేయడం కూడా ఇప్పుడే వద్దు, తగ్గకపోతే చూద్దాం అన్నారు.

మందులు పద్నాలుగు వందలు. కాల్సిపోట్రయాల్ (విటమిన్ డి లాంటి మందు), స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ రాత్రి ఒక్కసారి, నాలుగు వారాలే. తలకి తారు షాంపూ. స్నానం చేసి తడి ఆరకముందే క్రీమ్, లేదా కొబ్బరి నూనె. కోనసీమలో కొబ్బరి నూనెకి కరువేముంది, అది మాత్రం రోజుకి మూడుసార్లు రాశాను, పొట్టు బాగా మెత్తబడింది. తిండికి పత్యం ఏమీ లేదన్నారు. అత్తయ్య ఇది నమ్మడానికి నెల పట్టింది. అంతవరకూ వంకాయ, గోంగూర, ఎండుచేపలు నా కంచంలోకి రాలేదు.

వందల మచ్చలకి ఒక్కోదానికీ మందు అద్దడం ఎంత పనో రాసుకున్న వాళ్ళకే తెలుస్తుంది. ముప్పావుగంట పట్టేది. వీపు మీద మా ఆయన రాసేవారు. మొదటి రాత్రి లెక్కపెట్టుకుంటూ రాశారు, ఒక్క వీపు మీదే ఎనభై ఏడు. తర్వాత ఎప్పుడూ లెక్కపెట్టలేదు, నేనూ అడగలేదు.

ఫిబ్రవరి 10న మళ్ళీ వెళ్ళాం. కొత్తవి రావడం ఆగింది గానీ పాతవి పోలేదు. లైట్ వైద్యం పెట్టించుకో అన్నారు, నారోబ్యాండ్ యూవీబీ, అంటే ఒక రకం అతినీలలోహిత కిరణాలు ఒంటి మీద పడేలా చేయడం. మాకు దగ్గర్లో రాజమండ్రిలో దొరికింది. రిజిస్ట్రేషన్ ఆరొందలు, ఒక్కోసారికి మూడొందల యాభై, వారానికి రెండుసార్లు. ఫిబ్రవరి 13 నుంచి సోమవారం, గురువారం వెళ్ళేదాన్ని. పొద్దున్నే బాబుకి క్యారేజీ కట్టి, బస్సు ఎక్కి గన్నవరం అక్విడెక్టు దాటి, రావులపాలెంలో మారి వెళ్ళేసరికి రెండున్నర గంటలు పైనే. అప్పటికి ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు ఇంకా రాలేదు, అది ఆగస్టు 15న వచ్చింది. రానుపోను రెండొందల ఇరవై.

అంత దూరం వెళితే మొదటి రోజు లైటు కింద నిలబెట్టింది నిమిషం కూడా కాదు. పొడుగాటి ట్యూబులైట్లు చుట్టూ ఉన్న బీరువా లాంటి పెట్టెలోకి వెళ్ళాలి, మచ్చలున్న ఒళ్ళంతా కనపడాలి. లేడీ స్టాఫ్ ఉంటారా అని ముందే ఫోన్‌లో అడిగాను, మీరూ అడగండి. కళ్ళకి నల్ల అద్దాలు ఇస్తారు, మొహం మీద మచ్చలు లేవు కాబట్టి గుడ్డ కప్పారు. వేడిగా ఉంటుందనుకుంటే ఏమీ అనిపించలేదు. "ఇంతేనా అండి?" అని అడిగాను. ఒకేసారి ఎక్కువ ఇస్తే ఒళ్ళు కాలుతుంది, కొంచెం కొంచెంగా పెంచుతాం అన్నారు. ఒకరోజు తెలియక కొబ్బరి నూనె రాసుకుని వెళ్ళాను. నూనె ఉంటే లైటు సరిగ్గా పని చేయదని కడిగించి నిలబెట్టారు. నూనె, ఆయింట్‌మెంట్ లైటు అయ్యాకే. ఆ రోజు మళ్ళీ ఎండలో తిరక్కూడదు. బస్టాండులో నిలబడటానికి గొడుగు తీసుకెళ్ళేదాన్ని.

ఆరోసారికి వీపు నునుపు తేలింది. పన్నెండోసారికి పొట్ట, తొడలు. రంజాన్ సోమవారం సెలవు రావడంతో ఒకటి తప్పింది, పదహారోది ఏప్రిల్ 10న అయింది. చివరికి మోకాళ్ళ పైన నాలుగు మిగిలితే అవీ మే నెలాఖరుకి పోయాయి. డాక్టరు ఫీజుల నుంచి బస్సు చార్జీల దాకా అన్నీ రాసి పెట్టుకున్నాను, దగ్గర దగ్గర పదిహేడు వేలు. కుట్టుపని పోయిన రోజులు అందులో కలపలేదు.

మచ్చలు అణిగాక వాటి చోట తెల్లగా చుక్కలు మిగిలాయి. లైటుకి చుట్టూ ఒళ్ళు నల్లబడింది కాబట్టి ఇంకా తెల్లగా కనపడ్డాయి. "బొల్లి కాదు కదే" అని అత్తయ్య మళ్ళీ బెంగ పెట్టుకున్నారు. కాదు, రంగు మెల్లగా కలుస్తుంది, నెలలు పడుతుంది అన్నారు డాక్టరమ్మ. తడిమితే నునుపుగా ఉంటే జబ్బు పోయినట్టే, మిగిలింది రంగే. ఇది రాస్తున్న 2025 సెప్టెంబరుకి సగం కలిసిపోయాయి, పొట్ట మీద కొన్ని ఇంకా తెలుస్తున్నాయి. ఇది మళ్ళీ రాకపోవచ్చు, గొంతు నొప్పితో మళ్ళీ రావచ్చు, కొందరిలో మావయ్యకి ఉన్నట్టు మొండి సోరియాసిస్‌గా మారవచ్చు. ఏదీ ముందే చెప్పలేమన్నారు. గొంతు నొప్పి, జ్వరం వస్తే మాత్రం ఆ రోజే చూపించుకోమన్నారు.

ఆగస్టు 20న బాబుకి మళ్ళీ గొంతు నొప్పి వచ్చింది. జలుబు లేదు, జ్వరం ఉంది. కషాయం కాచలేదు. ఆ సాయంత్రమే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను, నా చీటీలన్నీ ఆయన ముందు పెట్టాను. గొంతు పరీక్ష చేసి పది రోజులకి మందు రాశారు. మూడో రోజుకే వాడు గెంతులేశాడు, అయినా పదో రోజు దాకా ఒక్క పూట తప్పకుండా పట్టాను. ఆ రోజు నుంచి స్నానం చేయించేటప్పుడల్లా వాడి పొట్ట, వీపు, చెవుల వెనక తడిమి చూస్తున్నాను. "ఏం వెతుకుతున్నావే అమ్మా" అంటాడు. ఏమీ లేదురా అంటాను. నిన్నటికి ఇరవై మూడు రోజులు. వీపు మీద దోమ కుట్టిన మచ్చ ఒక్కటి కనపడింది. గోరుతో గీరి చూశాను. పొడి రాలలేదు.